పద్నాలుగో పేరా

మా కౌంటీ కోర్టులో జ్యూరీ కుర్చీలు పన్నెండు.
తోలు ఇంకా కొత్తగానే ఉంది, మూడోదానికి తప్ప.
అలబామాలో వాన మొదలైతే
పైకప్పు సరిగ్గా దాని మీదే కారుతుంది.
బకెట్టు పెడతాం.
ఈ ఏడాది ఆ కుర్చీలో ఎక్కువసేపు కూర్చున్నది ఆ బకెట్టే.

దుమ్ము దులిపేది నేను.
గుమాస్తా పనిలో అది లేదు గానీ
ఊడ్చే హెర్షెల్‌కి ఈమధ్య మోకాళ్ళు వంగడం లేదు.

మంగళవారం వెర్లీన్ టబ్స్ వచ్చింది,
కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా.
చేతులకి బ్లీచు వాసన,
చంకలో బిస్కెట్ల డబ్బా.
డబ్బా నిండా రసీదులు,
నెలవారీగా రబ్బరు బ్యాండ్లు వేసి.

కారు కాగితాలు తాకట్టు పెట్టి
తెచ్చుకున్నది పన్నెండు వందల డాలర్లు.
కట్టింది మూడు వేల నాలుగొందల పైచిలుకు.
అయినా ఒక తెల్లవారుజామున
గొలుసులేసి లాక్కుపోయారు,
వెనక సీట్లో మనవడి బూట్లతో సహా.

"లెక్క చూడండి, చాలు" అంది.
"నాదే తప్పయితే తప్పనండి.
కానీ చూసి అనండి."

కంపెనీ లాయరు లేచాడు.
డబ్బా వైపు చూడలేదు.
లెక్క తప్పు అనలేదు, ఒప్పూ అనలేదు.
పద్నాలుగో పేరా చదివాడు.

పద్నాలుగో పేరా అంటే చీమలబారు.
ఆవిడ సంతకం పెట్టిన పూట
కౌంటరు వెనక కుర్రాడు వేలితో చూపించాడట,
ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ.
కరెంటు కట్ చేసేవాడు అప్పటికే
వాళ్ళ వీధి మలుపు తిరిగి ఉన్నాడు.
చదివేది ఎవరు?
చదివి, ఇది కొట్టెయ్యండంటే కొట్టేస్తారా?
ఎదురు వీధి కంపెనీ కాగితంలోనూ అదే పేరా,
అంకె మాత్రం పదహారు.

జడ్జిగారు చెడ్డవాడు కాదు.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"ఈ గుమ్మం తొక్కనని మీరే రాసిచ్చారమ్మా" అన్నాడు.
తగువుంటే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి.
జ్యూరీ ఉండదు.
అప్పీలు ఉందంటే ఉంది, లేదంటే లేదు.
ఏం తేలిందో బయట చెప్పకూడదు.

మధ్యవర్తి. మాట మంచిదే.
ఇటూ అటూ కాకుండా మధ్యన ఉండేవాడు.
ఆయనకి నెలకి నలభై తగువులు పంపేది కంపెనీ.
వెర్లీన్ జన్మకి ఒక్కటి పంపుతుంది.
మధ్య ఎక్కడుందో మీరే కొలుచుకోండి.

విచారణ బర్మింగ్‌హామ్‌లో,
ఏదో హోటలు మీటింగు గదిలో. నూట అరవై మైళ్ళు.
"ఎలా రావాలి?" అంది.
లాయరు 'కారులో' అనబోయి
నోరు మూసుకున్నాడు.

వెనక బెంచీ మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచారు,
డెల్ఫీన్, ఐలా మే.
అదే కంపెనీ, అదే వడ్డీ, అవే గొలుసులు.
"ముగ్గురం కలిసి వస్తాం,
ఖర్చులు పంచుకుంటాం."
కుదరదట. అదే పేరా, రెండో వాక్యం.
ఎవరి తగువుతో వాళ్ళు విడిగా రావాలి.
గడ్డిపోచలు పేనితే తాడవుతుందని
ఆ వాక్యం రాసినవాడికి తెలుసు.

ఉత్తర్వు మీద ముద్ర వేసింది నేనే.
చప్పుడు ఎప్పటిలాగే ఉంది.

అందరూ వెళ్ళాక ఆవిడ నా కిటికీ దగ్గరికి వచ్చింది.
"ఈ డబ్బా ఒక్కరైనా తెరిచి చూశారని
రాసిస్తావా?"
అలాంటి ఫారం లేదు మా దగ్గర.
తెరిచాను.
నలభై ఒక్క రసీదులు.
ఒకదాని వెనక పిల్లవాడు గీసిన కారు,
నాలుగు చక్రాలూ ఒకే పక్కన.
మిషను మీద కూడి చూశాను,
మూడు వేల నాలుగు వందల నలభై నాలుగు.
ఆ చీటీ చింపి 'అందింది' అని ముద్ర వేసి, తారీఖు వేసి ఇచ్చాను.
ఇది ఎక్కడా చెల్లదని చెప్పాను.
తెలుసంది.
మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంది.
మా ఊళ్ళో బస్సు లేదు. నడిచి వెళ్ళింది.

ఆ రాత్రి ఒప్పందం మొత్తం తిరగేశాను.
తొమ్మిది పేజీలు, ముప్పై ఒక్క పేరాలు.
పిల్లవాడి బూట్ల గురించి
దేనిలోనూ లేదు.